అరవై బ్యాగులు, ఒక కళ్ళజోడు: పాత బడికి చందా ఎలా పోగేయాలి

(తెర మీద: ఉత్తర చెన్నైలో ఇరుకు సందు. పాల క్యాన్లు కట్టిన సైకిలు పోతుంది. బడి గేటు కనిపిస్తుంది, బోర్డు మీద పేరు మాత్రం కనిపించదు.)

అందరికీ నమస్కారం. ఈ గేటు లోపలే నేను పదో క్లాసు దాకా చదువుకున్నాను. తెలుగు మీడియం, ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్ బడి. పేరు చెప్పను, ఎందుకో తర్వాత చెప్తాను.

మా బ్యాచ్‌లో నలభై ఇద్దరం. ఇరవయ్యేళ్ళ తర్వాత ఎవరో వాట్సాప్ గ్రూపు పెట్టారు. మొదటి వారం పాత ఫోటోలు, రెండో వారం గుడ్ మార్నింగులు, మూడో వారం "ఒరేయ్, మన బడికి ఏదైనా చేయాలిరా". మీ గ్రూపులోనూ ఇదే వరస అయ్యుంటుంది. ఈ వీడియో ఆ మూడో వారం గురించి.

ముందు మేం చేసిన తెలివితక్కువ పని చెప్పేస్తాను. తలా కొంత వేసుకుని అరవై బ్యాగులు, అరవై జామెట్రీ బాక్సులు కొన్నాం. చెన్నై ప్యారిస్ కార్నర్‌లో హోల్‌సేల్ కొట్లో గంటన్నర బేరమాడి మరీ. జులైలో ఒక శనివారం స్టేజికి బ్యానరు కట్టించి పంచాం. ఫోటోగ్రాఫర్ ఒక్కొక్కరినీ "ఇటు చూడమ్మా, నవ్వమ్మా" అని రెండేసిసార్లు నిలబెట్టాడు. అంతా అయ్యాక ఆరో క్లాసు కుర్రాడొకడు నా పక్కకి చేరి మెల్లిగా అడిగాడు: "అంకుల్, ఇది మా తమ్ముడికి ఇచ్చుకోవచ్చా? నాకు ఉంది." అప్పుడు చూశాను, వాడి భుజానికి ప్రభుత్వం ఇచ్చిన కొత్త బ్యాగు వేలాడుతోంది. జూన్‌లోనే ఇచ్చారట.

(తెర మీద: రెండు బ్యాగులు పక్కపక్కన.)

తమిళనాడులో ప్రభుత్వ, ఎయిడెడ్ బళ్ళ పిల్లలకు పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, బ్యాగు, జామెట్రీ బాక్సు ప్రభుత్వమే ఇస్తుంది. మధ్యాహ్న భోజనం ఉంది. బస్ పాసు ఉంది. 2022 సెప్టెంబరు నుంచి ప్రాథమిక బళ్ళల్లో పొద్దున టిఫిను కూడా మొదలైంది. మేం మోసుకెళ్ళిన రెండూ ఈ జాబితాలో ఉన్నవే. హెడ్‌మిస్ట్రెస్ గారికి ఒక్క ఫోన్ చేసుంటే తెలిసేది. చేయలేదు.

మా పై బ్యాచ్ వాళ్ళు ఇంకో మెట్టు పైన. నీళ్ళ ఆర్‌ఓ ప్లాంటు పెట్టించారు, పక్కన నల్ల గ్రానైట్ పలక మీద పదకొండు పేర్లు చెక్కించారు. ఫిల్టర్లు మార్చాలని, దానికి ఏటా డబ్బు కావాలని ఎవరికీ తట్టలేదు. ఎనిమిది నెలలకి ప్లాంటు మీద గోనెపట్టా కప్పారు. పలక మాత్రం చెక్కుచెదరలేదు.

మరి పిల్లలకి ఏం కావాలి? ఈసారి వెళ్ళి అడిగాం. హెడ్‌మిస్ట్రెస్ గారు సొరుగులోంచి పొడుగాటి నోటుపుస్తకం తీశారు. దాంట్లో ఆవిడ పెన్సిల్‌తో రాసుకున్నవి నేను చూసినంత వరకు చెప్తాను.

తొమ్మిదో క్లాసు అమ్మాయికి బోర్డు కనిపించట్లేదు. ముందు బెంచీకి మార్చారు, అక్కడినుంచీ కనిపించట్లేదు. కళ్ళజోడు కావాలి. ప్లస్ టూ పాసైన అబ్బాయికి ఇంజనీరింగ్ సీటు వస్తుంది. రాష్ట్ర సాంకేతిక విద్యా శాఖ నడిపే కౌన్సెలింగ్‌కి దరఖాస్తు రుసుము 500 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకి 250, అది పెద్ద సంగతి కాదు. స్కాలర్‌షిప్పు కూడా వస్తుంది. కానీ అది వచ్చేసరికి నెలలు పడుతుంది, హాస్టల్ అడ్వాన్సు మాత్రం చేరే రోజే కట్టాలి. వాళ్ళ నాన్న మార్కెట్లో బస్తాలు మోస్తాడు. అడ్వాన్సు కోసం వడ్డీకి తెచ్చాడు. ఆ వడ్డీ రేటు విని మా గ్రూపులో ఉన్న బ్యాంకు ఉద్యోగి తల పట్టుకున్నాడు.

ప్రభుత్వం ఇచ్చేదానికీ పిల్లాడి చేతికి అందేదానికీ మధ్య రెండు నెలలో మూడు నెలలో ఖాళీ ఉంటుంది. మే నుంచి ఆగస్టు దాకా. పాత విద్యార్థుల డబ్బు పడాల్సింది ఆ ఖాళీలో. డిసెంబరులో గెట్ టుగెదర్ పెట్టుకుని జనవరిలో లక్ష రూపాయలిస్తే, ఆ అబ్బాయికి జూన్‌లో ఇచ్చే పదివేలతో సమానం కాదు.

తెలుగు మీడియం పిల్లలకి ఇంకో చిక్కుంది, ఇది డబ్బుతో తీరేది కాదు. ఇంట్లో తెలుగు, సందులో తమిళం. 2006 చట్టం వచ్చాక బళ్ళో తమిళం కూడా తప్పనిసరి పాఠం అయింది. పదకొండులోకి వచ్చేసరికి లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులో. క.సా.గు. గుక్క తిప్పుకోకుండా చేసే పిల్ల 'ఎల్‌సిఎం' అనగానే బిక్కమొహం వేస్తుంది. నాకూ అదే జరిగింది. 'ఫొటోసింథసిస్' అంటే మనం చదివిన కిరణజన్య సంయోగక్రియే అని తెలుసుకోవడానికి నాకు ఒక టెర్మ్ పట్టింది. అందుకే ఇప్పుడు మాలో ఐదుగురం మే నెలలో శని, ఆదివారాలు వెళ్ళి మాటకి మాట చెప్తున్నాం. ఖర్చు టీలకి, జిరాక్సులకి.

(తెర మీద: ఫోన్ స్క్రీన్. "చందా ఎవరికి వేయాలి?" అనే మెసేజి.)

ఇక డబ్బు సంగతి. సాధారణంగా ఏం జరుగుతుంది? క్లాస్ లీడర్ నంబరుకి అందరూ జీపే చేసేస్తారు. మేమూ అదే చేశాం. వాడు బంగారం లాంటి వాడు, కానీ వాడి సేవింగ్స్ ఖాతాలో ఇరవై ఏడు మంది నుంచి రెండు లక్షల నలభై వేలు వచ్చి పడ్డాయి. బంధువులు కానివాళ్ళ నుంచి ఏడాదిలో మొత్తం 50,000 దాటి కానుకలొస్తే అది ఆదాయం కింద లెక్క. ఇది కానుక కాదు, నా దగ్గర దాచిన చందా అని వాడే రుజువులు చూపించుకోవాలి. ఇంట్లో వాళ్ళావిడ అడిగే ప్రశ్నలు వేరే.

కాబట్టి సొసైటీయో ట్రస్టో పెట్టుకోండి. తమిళనాడులో సొసైటీ 1975 చట్టం కింద రిజిస్టర్ అవుతుంది, కనీసం ఏడుగురు ఉండాలి. బెంగళూరులో మీరుంటే కర్ణాటక 1960 చట్టం, అక్కడా ఏడుగురే. ట్రస్టయితే దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. ఆశయాలు రాసే కాగితం దగ్గర జాగ్రత్త. 'సభ్యుల సంక్షేమం, విహారయాత్రలు, కలయికలు' అని రాస్తే అది క్లబ్బు అవుతుంది, దాతృత్వం కాదు. పన్ను మినహాయింపు రాదు. మా ఆడిటర్ గారు మొదటి డ్రాఫ్టు చదివి "ఇది ఊటీ టూర్ కోసమా, పిల్లల కోసమా?" అని అడిగారు.

80జి రసీదు గురించి అందరూ అడుగుతారు, అంటే విరాళం చూపించి పన్ను తగ్గించుకునే రసీదు. కొత్త ఆదాయపన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారినా జనం నోట్లో ఆ పేరే ఉంది. సంస్థకి ఆ గుర్తింపు ఉంటే, దాత ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు, అదీ ఒక పరిమితి లోపల. నగదుగా 2,000 దాటి ఇస్తే మినహాయింపు లేదు. అసలు విషయం ఏంటంటే, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఈ మినహాయింపే లేదు. మా గ్రూపులో ఓఎంఆర్ రోడ్డు ఐటీ కంపెనీల్లో ఉద్యోగం చేసేవాళ్ళు చాలామంది కొత్త విధానంలోనే ఉన్నారు. రసీదు కోసం ఏడాదిపాటు ఆగిన వాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి ఈ ముక్క ఆలస్యంగా తెలిసింది.

ఇంకోటి. మా గ్రూపులో ఒకాయన "మనవాళ్ళ పిల్లలకే ఇద్దాం" అన్నాడు. 'మనవాళ్ళు' అంటే ఏ మనవాళ్ళో అందరికీ తెలుసు. ఒక కులానికో మతానికో మాత్రమే అని రాసుకున్న సంస్థకి 80జి రాదు. ఆ సంగతి చెప్పాక ఆయన ఊరుకున్నాడు. చట్టం లేకపోతే ఊరుకునేవాడా అంటే, నాకు నమ్మకం లేదు.

(తెర మీద: రెండు పాస్‌పోర్టులు, ఒకటి నీలం, ఇంకోటి కూడా నీలమే, ముద్రలు వేరు.)

విదేశాల్లో ఉన్న క్లాస్‌మేట్ల డబ్బు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. మా వాడొకడు దుబాయిలో, ఇంకొకడు డాలస్‌లో. దుబాయి వాడిది భారత పాస్‌పోర్టు. వాడు బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, మామూలు చందాయే. డాలస్ వాడు అమెరికా పౌరుడైపోయాడు. వాడికి ఓసిఐ కార్డు (విదేశీ పౌరులైపోయిన మనవాళ్ళకి భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, వాడు పంపే ప్రతి డాలరూ విదేశీ విరాళం. దానికి ఎఫ్‌సిఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉండాలి. డబ్బు మొదట పడాల్సింది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే, 2020 సవరణ తర్వాత ఇదే నియమం. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకి మూడేళ్ళు నిండాలి, ఆ మూడేళ్ళలో 15 లక్షలు పనుల మీద ఖర్చుపెట్టి ఉండాలి. మాలాంటి చిన్న గ్రూపుకి అది దూరపు కొండ.

"మా అమ్మ ఖాతాకి పంపుతా, అమ్మ మీకు వేస్తుంది, అయిపోలా?" అన్నాడు డాలస్ వాడు. అవదు. చేతులు మారినంత మాత్రాన అది విదేశీ విరాళం కాకుండా పోదు. పాపం వాడే అందరికంటే ఎక్కువ ఇస్తానన్నవాడు. ఇప్పుడు వాడు ఆదివారం రాత్రి, అంటే మనకి సోమవారం పొద్దున, వీడియో కాల్లో ప్లస్ వన్ పిల్లలకి ఇంగ్లీషు చెప్తున్నాడు.

మీది ప్రభుత్వ బడి అయితే ఇంత తతంగం అక్కర్లేదు. 2022 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం 'నమ్మ స్కూల్' పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టింది. టీవీఎస్ వేణు శ్రీనివాసన్ దానికి అధ్యక్షులు. ఏ బడికి ఇస్తున్నారో ఎంచుకుని నేరుగా కట్టొచ్చు.

ఎంత పోగేయాలి? మూలధనం పెట్టి దాని వడ్డీతో నడుపుదాం అన్నారు కొందరు. పది లక్షలు డిపాజిట్ చేసి 7 శాతం వడ్డీ వస్తే ఏడాదికి డెబ్బై వేలు. ఆ పది లక్షలు పోగయ్యేదాకా పిల్లలు ఆగాలి. ఇరవై ఏడు మందిమి నెలకి ఐదొందలు వేసుకుంటే 13,500, ఏడాదికి 1,62,000. ఐదొందలంటే అన్నానగర్‌లో ఇద్దరి టిఫిను బిల్లు. మేం దీనికే ఓటేశాం. ఆటో డెబిట్ పెట్టాం, ఎందుకంటే మూడో నెల నుంచి గుర్తుచేసేవాడు శత్రువు అవుతాడు.

(తెర మీద: జార్జిటౌన్ పాత ఫోటో.)

మూలధనం ముచ్చట వచ్చింది కాబట్టి ఒక చెన్నై కథ. పచ్చయ్యప్ప మొదలియారు 1794లో పోయారు. ధర్మకార్యాలకి ఆస్తి రాసిపెట్టారు. వీలునామా చుట్టూ కోర్టు గొడవలు నడిచి నడిచి, ఆ డబ్బుతో బడి తెరిచేసరికి 1842. నలభై ఎనిమిదేళ్ళు. మా గ్రూపులో బ్యానర్ రంగు మీద రెండు వారాలు కొట్టుకున్నప్పుడు నేను ఈ సంగతి చెప్పి ఓదార్చాను.

ఇక ఎవరికి ఇవ్వాలో మేం తేల్చం. హెడ్‌మిస్ట్రెస్ గారు, ఇద్దరు టీచర్లు పేర్లు రాస్తారు. ఆ పేర్లు మాలో ఇద్దరికే తెలుస్తాయి. హాస్టల్‌కి, కళ్ళజోళ్ళ షాపుకి డబ్బు నేరుగా వెళ్తుంది. గ్రూపులో నెలాఖరుకి లెక్క పెడతాం, పేర్లుండవు. స్టేజీ లేదు, అట్టముక్క మీద పెద్ద చెక్కూ లేదు. బడి పేరు చెప్పనన్నది ఇందుకే. చిన్న బడి, చిన్న సందు. ఈ వీడియో చూసి పక్కింటావిడ "ఆ చందా మీ అమ్మాయికేనా?" అని అడిగితే ఆ పిల్ల కళ్ళజోడు తీసి బ్యాగులో పెట్టేసుకుంటుంది.

(తెర మీద: నోటుపుస్తకం పేజీ, పేర్ల మీద వేలు అడ్డం.)

మొన్నటి నెల లెక్క ఇది. కళ్ళజోళ్ళు రెండు. హాస్టల్ అడ్వాన్సు ఒకటి. జిరాక్సులు. చివర్లో ఆవిడే పెన్సిల్‌తో అడిగీ అడగనట్టు రాసిన ఒక లైను ఉంది: "ఆర్‌ఓ ఫిల్టర్లు, వీలైతే."

వేయించాం. గోనెపట్టా తీసేశారు.