టి, డు, డు, గు: టోక్యో స్కా పారడైజ్ ఆర్కెస్ట్రా పాటలు

శ్రోతలకు నమస్కారం.

అరచేత్తో తొడ మీద తాళం వేస్తూ మామూలు నడకలో నాలుగు దాకా లెక్కపెట్టండి. ఒక-టి, రెం-డు, మూ-డు, నా-లుగు. ఒక్కో మాట మొదటి సగం మీద చెయ్యి పడుతుంది. ఇప్పుడు ఆ మొదటి సగాన్ని మనసులోనే అనుకుని, చివరి అక్షరాన్ని మాత్రం పైకి అనండి. టి... డు... డు... గు. దెబ్బకీ దెబ్బకీ నడిమధ్యన పడుతున్న ఆ అక్షరాలే స్కా సంగీతానికి ప్రాణం. మృదంగం నేర్చినవాళ్లకు ఒక్క మాట చాలు: తకధిమిలో 'ధి' పడే చోటు అది.

ఈ లయ 1950ల చివర జమైకాలో పుట్టింది. అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ సంగీతాన్ని రాజధాని కింగ్‌స్టన్ వాద్యగాళ్లు తమ తీరులో వాయిస్తూ దెబ్బ బరువును మధ్యకు జరిపారు. 1966 కల్లా అక్కడి జనం రాక్‌స్టెడీ వైపు, ఆపైన రెగే వైపు మళ్లిపోయారు. పుట్టిన ఊళ్లో అంత త్వరగా పక్కకు తప్పుకున్న లయను 1985లో టోక్యోలో కొందరు పట్టుకున్నారు, ఇప్పటికీ వదల్లేదు. వాళ్ల పేరు టోక్యో స్కా పారడైజ్ ఆర్కెస్ట్రా. జపాన్ అభిమానులకు ముద్దుగా సుకపరా. పెద్ద రికార్డు కంపెనీ మీద తొలి ఆల్బమ్ 1990లో వచ్చింది.

వేదిక మీద ట్రంపెట్, ట్రాంబోన్, టెనర్ శాక్సోఫోన్, బారిటోన్ శాక్సోఫోన్ వరసగా నిలబడతాయి. వెనక కీబోర్డు, గిటార్, బేస్ గిటార్, డ్రమ్స్, పెర్కషన్. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం విన్న చెవికి ముందు వరస ధ్వని కొత్తేమీ కాదు. కొత్తదనమంతా వెనక వరసలో ఉంది.

గిటార్ వాయించేవారి ఎడమ చేతిని గమనించండి. కుడి చెయ్యి సన్నని మూడు నాలుగు తీగలను 'టి' మీద చురుక్కున మీటుతుంది. మీటిన మరుక్షణం ఎడమ చేతి వేళ్లు తీగల మీది నొక్కుడు వదిలేస్తాయి, కానీ తీగలను మాత్రం వదలవు. దాంతో నాదం అక్కడికక్కడే తెగిపోతుంది. కొత్తవాళ్లు వేళ్లను పూర్తిగా ఎత్తేస్తారు, అప్పుడు ఖాళీ తీగలు కంగుమంటాయి. ఇంకొందరు నొక్కుడు వదలరు. నాదం సాగి తర్వాతి దెబ్బ దాకా పాకుతుంది, ఖాళీ ఉండాల్సిన చోటు నిండిపోతుంది. ఖాళీ పోతే స్కా పోయినట్టే.

అంతకన్నా పెద్ద చిక్కు వేగంతో వస్తుంది. వేగం పెరిగేకొద్దీ చెయ్యి మెల్లగా జారి దెబ్బ మీదికి వచ్చేస్తుంది, జారినట్టు వాయించేవారికి తెలియను కూడా తెలియదు. మందు ఒకటుంది. లయను టిక్కు టిక్కుమని కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 80 దగ్గర పెట్టి, అది కొట్టే టిక్కును దెబ్బగా కాకుండా 'టి'గా, 'డు'గా వినాలి. పాదం మాత్రం టిక్కుల మధ్యనే నేలను తాకాలి. నాలుగైదు ఆవర్తాలు తిరిగేసరికి చెవి మోసపోయి టిక్కునే దెబ్బ అనుకుంటుంది. అలా అనుకున్న ప్రతిసారీ ఆగి మొదటి నుంచి ఎత్తుకోవాలి. నిలకడ వచ్చాకే అయిదేసి చొప్పున పెంచుకుంటూ పోవాలి.

గిటార్ ఖాళీలో పడుతుంటే మరి దెబ్బను మోసేదెవరు? బేస్ గిటార్. ఆవర్తానికి నాలుగు స్వరాల చొప్పున అడుగు మీద అడుగు వేసినట్టు నడుస్తుంది. బేస్ వినపడకపోతే మన చెవి గిటార్ మీటునే దెబ్బగా తీసుకుంటుంది, పాట మొత్తం తలకిందులుగా వినిపిస్తుంది.

ఇక పాటలు. ఈ బృందం పేరు చాలావరకు వాద్య సంగీతం మీద నిలబడింది. గాయకుడు క్లీన్‌హెడ్ గిమురా 1995లో, డ్రమ్మర్ అఓకి తత్సుయుకి 1999లో చనిపోయారు. ఆ తర్వాత ఫిష్‌మన్స్ అనే మరో జపాన్ బృందంలో వాయించిన మొతెగి కిన్ఇచి డ్రమ్స్ ముందు కూర్చున్నారు. 2001, 2002లలో వేరే బృందాల గాయకులను పిలిచి వరసగా మూడు పాటలు చేశారు. తజిమా తకావో గొంతుతో 'మెకురెతా ఒరెంజి', చిబా యూసుకే గొంతుతో 'కనరియా నకు సోరా', అంటే కెనరీ పిట్ట కూసే ఆకాశం, ఒకుదా తమియో గొంతుతో 'ఉత్సుకుషికు మొయెరు మోరి', అంటే అందంగా మండే అడవి. మాటలు రాసింది బారిటోన్ శాక్సోఫోన్ వాయించే యనకా అత్సుషి.

మూడింటిలో రెండోదానికే నా మొగ్గు. చిబాది గరుకు గొంతు, తెంచినట్టు పలుకుతుంది. ఆయన చరణం ముగించి ఊపిరి తీసుకునే సందులోనే ముందు వరసలోని ఊదే వాద్యాలు జవాబిస్తాయి. ఈ పాటను తిరిగి వాయించే బృందాలు సాధారణంగా తప్పేది అక్కడే. వరస మొత్తం గొంతు వెనక ఆపకుండా ఊదేస్తుంది, మాటలు మునిగిపోతాయి. 'గింగా తో మెయిరో' పాటను డ్రమ్మర్ మొతెగి స్వయంగా పాడారు.

జపాన్ బడి పిల్లల బ్యాండులకు బాగా ఇష్టమైనది మాత్రం మాటల్లేని 'పారడైజ్ హ్యాజ్ నో బోర్డర్'. హైస్కూలు బేస్‌బాల్ పోటీల్లో గ్యాలరీల నుంచి పిల్లలు దీన్ని ఊది తమ జట్టును ఉత్సాహపరుస్తారు. పల్లవి చిన్నది, మళ్లీ మళ్లీ వస్తుంది, అన్ని వాద్యాలూ కలిసి ఒకే వరస పలకవచ్చు. ఆ పోటీలు జరిగే కోషియెన్ మైదానంలోనే 2024 నవంబరులో ఈ బృందం తాను రికార్డుల రంగంలోకి వచ్చి 35 ఏళ్లయిన సందర్భంగా కచేరీ చేసింది.

మన బ్యాండువాళ్లెవరైనా దీన్ని ఎత్తుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త. ఒకే స్వర కాగితాన్ని జిరాక్సు తీసి అందరికీ పంచకండి. ఒక్కో వాద్యం ఒక్కో శ్రుతికి తయారై ఉంటుంది. కాగితం మీద సి అనే పాశ్చాత్య స్వరం చూసి ట్రాంబోన్ ఊదితే ఒకటి శ్రుతే వినిపిస్తుంది. అదే సి ని ట్రంపెట్, క్లారినెట్, టెనర్ శాక్సోఫోన్ ఊదితే ఆరున్నర, బారిటోన్ ఊదితే రెండున్నర. అందరూ ఒకటి శ్రుతిలో కలవాలంటే ట్రంపెట్ కాగితంలో డి, బారిటోన్ కాగితంలో ఎ రాయాలి. ఎండలో వాయించేటప్పుడు ఇంకో సంగతి: గొట్టంలో గాలి వేడెక్కేకొద్దీ శ్రుతి పైకి పోతుంది. అందుకని నీడలో కాకుండా, వాయించబోయే చోటే పది నిమిషాలు ఊది, ఆ తర్వాత శ్రుతి కలుపుకోవాలి.

వినేవాళ్లు ముందు 'డౌన్ బీట్ స్టాంప్' పెట్టుకోండి, తర్వాత 'కనరియా', ఆపైన 'పారడైజ్'. ఫోను చిన్న స్పీకర్లో మాత్రం వద్దు. అందులో బేస్ దాదాపు మాయమవుతుంది, బారిటోన్ అడుగు స్వరాలూ పలచబడతాయి, లెక్క తలకిందులవుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పాదాన్ని బేస్‌కు అప్పగించి, పెదాల మీద మెల్లగా టి, డు, డు, గు అనుకోండి.

నమస్కారం.