మన మడ్డి నీళ్ళలో ఏ లెన్స్? మూడింటితో డైవింగ్ చేశాక చెబుతున్నాను

నమస్కారం అండి. గోపాలపూర్ నుంచి మాట్లాడుతున్నాను, వెనక వినిపిస్తున్న హోరు సముద్రానిదే. బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు తమ్ముళ్ళు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "అన్నా, డైవింగ్ నేర్చుకున్నాను, కెమెరాకి హౌసింగ్, అంటే నీరు చొరబడని పెట్టె, కూడా కొన్నాను. ఇప్పుడు ఏ లెన్స్ తీసుకోవాలి?"

మనం చూసే వీడియోలు ఎక్కువగా మాల్దీవుల్లోనో, ఎర్ర సముద్రంలోనో తీసినవి. అక్కడి నీరు తేటగా ఉంటుంది. మన దగ్గర వానలు పడ్డాయంటే రుషికుల్య, వంశధార బురదంతా తెచ్చి కలిపేస్తాయి, తీరం వెంట నీరు మడ్డిగా అయిపోతుంది. మా పెదనాన్న పడవ మీద నుంచి రంగు చూసే ఆ రోజు నీరు ఎలా ఉందో చెప్పేస్తాడు. లెన్స్ కొనేటప్పుడు మనం కూడా ముందు నీటినే చూడాలి. కెమెరా సంగతి ఆ తర్వాత.

ఎందుకో చెబుతాను. నీరు ఎరుపు రంగుని మొదట మింగేస్తుంది. 5 మీటర్లు దిగేసరికే ఎరుపు చాలావరకు పోతుంది. ఇది లోతుకే కాదు, అడ్డంగా ఉన్న దూరానికీ వర్తిస్తుంది. చేప మీటరు దూరంలో ఉంటే ఫ్లాష్ వెలుగు వెళ్ళి రావడానికి రెండు మీటర్ల నీరు దాటాలి. పైగా మధ్యలో తేలే మట్టి రేణువుల మీద ఆ వెలుగు పడి ఫోటో నిండా తెల్ల చుక్కలు వస్తాయి. దీన్నే బ్యాక్‌స్కాటర్ అంటారు. కాబట్టి మనకు కావలసింది దూరంగా ఉన్నదాన్ని దగ్గరకు లాగే లెన్స్ కాదు, మనల్ని దగ్గరకు వెళ్ళనిచ్చే లెన్స్. టెలిఫోటో ఆలోచన ఉంటే మానేయండి.

ఇప్పుడు పోర్ట్. ఇదిగో, హౌసింగ్ ముందు లెన్స్‌కి ఎదురుగా ఉన్న ఈ అద్దం. ఇది బల్లపరుపుగా ఉంటే ఫ్లాట్ పోర్ట్. నీటి వక్రీభవన గుణకం, అంటే నీరు వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే లెక్క, సుమారు 1.33. అందువల్ల ఫ్లాట్ పోర్ట్ వెనక నుంచి చూస్తే ప్రతిదీ పావు వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. చిన్న జీవుల్ని దగ్గరగా పెద్దగా తీసే మాక్రో లెన్స్‌కి ఇది లాభం. ఎక్కువ వెడల్పు చూసే వైడ్ లెన్స్‌కి మాత్రం నష్టం, చూపు వెడల్పు తగ్గి అంచులు చెదిరిపోతాయి. అందుకే వైడ్ లెన్స్‌కి గుండ్రటి డోమ్ పోర్ట్ వాడతాం.

డోమ్‌తో ఒక చిక్కు ఉంది, అది నాకు డబ్బు పోయాకే అర్థమైంది. డోమ్ వెనక ఉన్న లెన్స్ నేరుగా చేపని చూడదు, డోమ్‌కి కాస్త ముందు ఏర్పడే చేప ప్రతిబింబాన్ని చూస్తుంది. ఎంత దూరాన ఉన్న రాయైనా అద్దం నుంచి డోమ్ వ్యాసార్ధానికి సుమారు మూడు రెట్ల దూరంలోనే ఉన్నట్టు లెన్స్‌కి అనిపిస్తుంది. చిన్న డోమ్, వ్యాసార్ధం 5 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే అద్దం ముందు 15 సెంటీమీటర్లే! నా పాత జూమ్ లెన్స్ 50 సెంటీమీటర్ల కంటే దగ్గర ఫోకస్ పట్టదు. అమ్మిన షాపతను "డోమ్ పెడితే ఏ లెన్సైనా పనిచేస్తుంది" అన్నాడు, నమ్మాను. రైలెక్కి విశాఖ వెళ్ళి, రుషికొండ దగ్గర నీళ్ళలోకి దిగి, ఉన్నంతసేపూ లెన్స్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది. ఒక్క ఫోటో కూడా రాలేదు. డోమ్ కోసం లెన్స్ కొనేవాళ్ళు ముందు అది ఎంత దగ్గర ఫోకస్ పడుతుందో చూడండి. ధర తర్వాత అడగవచ్చు.

ఇక మూడు లెన్సులు. నాది మైక్రో ఫోర్ థర్డ్స్ అనే రకం, లెన్స్ మార్చుకునే కెమెరా, మూడూ దానికే.

మొదటిది పానాసోనిక్ 8 ఎంఎం ఫిష్‌ఐ. మూల నుంచి మూలకి 180 డిగ్రీలు చూస్తుంది, 10 సెంటీమీటర్ల దగ్గర కూడా ఫోకస్ పడుతుంది, కాబట్టి డోమ్‌కి బాగా కుదురుతుంది. రాళ్ళ గుట్ట, తోటి డైవర్, పెద్ద చేపల గుంపు, వీటికి ఇదే. కానీ చేప ఒక మూరెడు దూరంలోకి రాకపోతే ఫోటోలో చిన్న మచ్చలా ఉంటుంది. మడ్డి నీళ్ళలో వెనకంతా ఆకుపచ్చ పొగలా వస్తుంది.

రెండోది ఒలింపస్ 60 ఎంఎం మాక్రో. ఫోటో పదును చూస్తే ప్రాణం లేచొస్తుంది. గింజంత రొయ్యని కూడా సెన్సర్ మీద, అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక మీద, దాని అసలు సైజులోనే పట్టేస్తుంది. పక్కన ఫోకస్ పరిధిని కట్టడి చేసే బటన్ ఉంది, దాన్ని 0.19 నుంచి 0.4 మీటర్లకి పెట్టుకుంటే లెన్స్ ఊరికే వెతుక్కోదు. బెదిరిపోయే చిన్న జీవులకి ఇదే మేలు. అయితే అరచేయంత చేప ఫ్రేములో పట్టాలంటే వెనక్కి జరగాలి. వెనక్కి జరిగామంటే మధ్యలోకి మళ్ళీ ఆ మడ్డి నీరే వచ్చేస్తుంది.

మూడోది ఒలింపస్ 30 ఎంఎం మాక్రో. నా ఓటు దీనికే. అదే అరచేయంత చేపని దీంతో సగం దూరం నుంచే తీయవచ్చు. సగం నీరు, సగం చుక్కలు, రంగు ఎక్కువ. రుషికొండ దగ్గర రాయి సందులో ఉన్న పీతని దీంతోనే తీశాను, స్క్రీన్ మీద చూడండి. మా పెదనాన్న నలభై ఏళ్ళుగా వలలోంచి పీతలు తీస్తున్న మనిషి. ఈ ఫోటో వేళ్ళతో పెద్దది చేసుకుని, కంటి కాడ మీద చారలు చూసి, "ఇది ఎప్పుడూ గమనించలేదురా" అన్నాడు. దీనికీ ఒక లోపం ఉంది. మరీ చిన్నవాటికి ఇంకా దగ్గరకి పోతే పోర్ట్ అద్దం జీవికి తగిలేంత అవుతుంది, ఫ్లాష్ వెలుగు లోపలికి రావడానికి చోటుండదు.

కాబట్టి మన తీరంలో డైవింగ్ చేసేవాళ్ళు 30 మాక్రో, ఫ్లాట్ పోర్ట్‌తో మొదలుపెట్టండి. అండమాన్ ప్రయాణం ఉంటే అప్పుడు ఫిష్‌ఐ చూసుకోవచ్చు, వీలైతే ముందు అద్దెకి తీసుకుని. లెన్స్ మార్చలేని టీజీ-7 లాంటి చిన్న కెమెరా ఉన్నవాళ్ళు బెంగపడకండి. దాని మైక్రోస్కోప్ మోడ్‌లో 1 సెంటీమీటరు దగ్గర కూడా ఫోకస్ పడుతుంది. 15 మీటర్ల వరకు హౌసింగ్ లేకుండానే దిగవచ్చు, ఇంకా కిందకి వెళ్ళేవాళ్ళు హౌసింగ్ పెట్టుకోండి.

ఏ లెన్సైనా స్ట్రోబ్‌లని, అంటే నీళ్ళలో వాడే ఫ్లాష్‌లని, పోర్ట్ పక్కనే బిగించకండి. చేతులు చాచినట్టు రెండు వైపులా దూరంగా పెట్టి, కాస్త బయటికి తిప్పండి. నా ఫోటోల్లో చుక్కలు సగానికి సగం తగ్గింది దీనివల్లే.

ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. రుషికుల్య దగ్గర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తాయి. కొత్త లెన్స్ వచ్చిందని రాత్రి అక్కడికి వెళ్ళి ఫ్లాష్ కొట్టకండి. వెలుగు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోవచ్చు. నీళ్ళలో కనిపించినా వెంటపడవద్దు. దానంతటది దగ్గరకి వస్తే తీసుకోండి, లేదంటే కెమెరా దించి కళ్ళారా చూడండి.

వానలు తగ్గి నీరు తేరుకున్నాక మళ్ళీ రుషికొండ వెళ్తున్నాను, 30 మాక్రోనే పట్టుకుని. మీ కెమెరా ఏదో, ఎక్కడ డైవింగ్ చేస్తారో కింద రాయండి. దానికి ఏ పోర్ట్ సరిపోతుందో చూసి జవాబు పెడతాను.