కీటో డైట్‌లో ఉన్నారా? రక్తంలో కీటోన్ ఎంతో చూశారా?

నమస్కారమండీ, విశాఖపట్నంలో రేడియో వింటున్న అందరికీ. ఈరోజు కీటో డైట్ గురించి, అంటే అన్నం లాంటివి దాదాపు మానేసి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతి గురించి మాట్లాడుకుందాం. ఏం తినాలి ఏం మానాలి అన్నది చాలామంది చెప్పేస్తున్నారు కాబట్టి అది వదిలేద్దాం, ఆ డైట్‌లో ఉన్నవాళ్లు రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు నుంచి లివర్ తయారుచేసే పదార్థాలు, ఎలా చూసుకోవాలి, ఆ నంబర్ చూసి ఏం అర్థం చేసుకోవాలి అన్నదే చెప్తాను. షుగర్ టాబ్లెట్లు వేసుకుంటున్నవాళ్లు మాత్రం చివరిదాకా వినండి, అసలు విషయం మీకోసమే.

100 గ్రాముల వండిన అన్నంలో సుమారు 28 గ్రాముల కార్బ్స్, అంటే పిండిపదార్థాలు ఉంటాయి. కీటోలో రోజు మొత్తానికి 20 నుంచి 50 గ్రాముల లోపే ఉండాలి, అంటే అన్నం, ఇడ్లీ, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ అన్నీ పక్కన పెట్టాల్సిందే. అలా మానేస్తే లివర్లో నిల్వ ఉన్న చక్కెర ఒకట్రెండు రోజుల్లో అయిపోద్ది, ఇన్సులిన్ తగ్గుద్ది, అప్పుడు లివర్ కొవ్వుని కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, మెదడు కూడా చాలావరకు వాటితో నడిచిపోద్ది. కార్తీక సోమవారం నక్షత్రాలు చూసేదాకా ఏమీ తినని పెద్దవాళ్ల ఒంట్లో కూడా సాయంత్రానికి కొంచెం కీటోన్లు పుడతాయి, అది శరీరానికి తెలిసిన పనే. ఈ డైట్ కూడా కొత్తదేం కాదు, 1921లో అమెరికాలో మేయో క్లినిక్ డాక్టర్ రస్సెల్ వైల్డర్ మూర్ఛ వ్యాధి కోసం చెప్పింది ఇది, ఇప్పటికీ మందులకి లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకి ఇస్తారు, వాళ్లకి ఎంత కీటోన్ ఉండాలన్నది డాక్టరే చెప్తారు, ఆ లెక్క వేరు.

మెడికల్ షాపులో తక్కువ రేటుకి దొరికే యూరిన్ స్ట్రిప్పులు చాలామంది కొంటారు, ముంచితే ఊదా రంగు వస్తే సంతోషం. కానీ అది చూసేది ఎసిటోఎసిటేట్ అనే ఒక రకం కీటోన్ని మాత్రమే, పైగా నీళ్లు ఎక్కువ తాగితే రంగు తేలిపోద్ది, తక్కువ తాగితే ముదిరిపోద్ది. రక్తంలో ఎక్కువగా ఉండేది బీటా హైడ్రాక్సీబ్యుటిరేట్, దాన్ని చూడాలంటే కీటోన్ కొలిచే మెషీన్, దాని స్ట్రిప్పులు కావాలి. షుగర్ స్ట్రిప్పు పెట్టి కీటోన్ చూడలేం, షాపులో అడిగి మరీ తీసుకోండి. స్ట్రిప్పు ఖరీదెక్కువే, అందుకే పాడవకుండా చూసుకోవాలి, మన ఊరి ఉక్కపోతకి మూత తీసి ఉంచితే తేమ పట్టేస్తుంది, డబ్బా మీద ఎంత వేడి వరకు ఉంచొచ్చో రాసుంటుంది చూడండి.

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోండి. వేలి కొన మధ్యలో పొడిస్తే నొప్పెక్కువ, పక్కన పొడవండి. రక్తం రాకపోతే వేలిని గట్టిగా పిండకుండా చెయ్యి కిందికి వేలాడేసి అరచేతి వైపు నుంచి మెల్లగా నొక్కుకుంటూ రండి, చుక్క నిండుగా నిలబడ్డాక స్ట్రిప్పు అంచు తాకిస్తే అదే లాక్కుంటుంది.

ఇక నంబర్. మన మెషీన్లలో షుగర్ 110, 140 అలా వస్తుంది, కీటోన్ 0.8, 1.5 అలా వస్తుంది. 0.5 నుంచి 3 వరకు ఉంటే కీటోసిస్‌లో, అంటే ఒళ్లు కీటోన్లతో నడిచే స్థితిలో ఉన్నట్టు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక అక్క పొద్దున్నే చూసుకుంటే 0.6, సాయంత్రం వాకింగ్ అయ్యాక చూస్తే 1.8, పొద్దున నంబర్ చూసి దిగులుపడి నెయ్యి, కొబ్బరినూనె ఇంకా ఇంకా పెంచేశారు. పొద్దున తక్కువుండి సాయంత్రానికి పెరగడం చాలామందిలో జరిగేదేనండి, పైగా కొబ్బరినూనె తాగితే ఆ నూనె నుంచే కీటోన్లు పుట్టి నంబర్ పెరుగుద్ది, మన ఒంటి కొవ్వు కరిగినట్టు లెక్క కాదు. 0.7 ఉన్నవాళ్లు బరువు తగ్గొచ్చు, 2.5 ఉన్నవాళ్లు తగ్గకపోవచ్చు. రోజూ ఒకే టైముకి చూసుకుంటేనే పోల్చుకోడానికి పనికొస్తుంది.

ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్లకి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని టాబ్లెట్లు ఉన్నాయి, మీ షీటు మీద చిన్నక్షరాల్లో రాసుంటుంది, గుండెకి, కిడ్నీకి కూడా ఇస్తారు. మంచి మందులే, నేను మానమని చెప్పట్లేదు, మానాలా వద్దా అన్నది మీ డాక్టరే తేల్చాలి. అవి చక్కెరని యూరిన్లో పంపించేస్తాయి, కీటోన్లు తయారవడాన్ని పెంచుతాయి కూడా. దానికి తోడు అన్నం మానేస్తే రక్తం ఆమ్లంగా మారిపోయే కీటోఎసిడోసిస్ వచ్చే ప్రమాదం ఉంది, భయపెట్టే సంగతేంటంటే అప్పుడు షుగర్ 150, 180 మాత్రమే చూపించొచ్చు, ఇంట్లోవాళ్లు షుగర్ బానే ఉంది కదా గ్యాస్ అయ్యుంటుంది అని మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టేస్తారు. 2015లోనే అమెరికాలో మందుల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక ఇచ్చింది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ టాబ్లెట్ వాడేవాళ్లకి ఇంకో సమస్య, డోసు తగ్గించకుండా కార్బ్స్ మానేస్తే షుగర్ పడిపోద్ది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ డైట్ మొదలుపెట్టొద్దు, దయచేసి.

షుగర్ ఉన్నవాళ్లకి ఒంట్లో బాలేనప్పుడు కీటోన్ 0.6 నుంచి 1.5 మధ్య ఉంటే రెండు గంటల్లో మళ్లీ చూడాలి, 1.6 గానీ ఆపైన గానీ ఉంటే డాక్టర్‌కి వెంటనే ఫోన్ చెయ్యాలి, 3 గానీ ఆపైన గానీ ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు, కేజీహెచ్ అవనీ మీ దగ్గర్లో ఏదవనీ క్యాజువాల్టీకి వెళ్లిపోవాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే మెషీన్ లేకపోయినా బయల్దేరండి. టాబ్లెట్ షీటు చేత్తో పట్టుకెళ్లి, నేను ఇది వేసుకుంటున్నాను, అన్నం మానేశాను, షుగర్ తక్కువున్నా కీటోన్ చూడండి అని అడగండి, మీరు మాట్లాడలేని స్థితిలో ఉండొచ్చు కాబట్టి ఈ మాట ఇంట్లో ఇంకొకరికి కూడా ఈరోజే చెప్పి ఉంచండి.