భర్త కోమాలో ఉన్నారు, బ్యాంకు ఖాతా ఎవరు నడపాలి?

నిర్వాహకురాలు: ఒంగోలు నుంచి ఒక శ్రోత లైనులో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మావారు రిటైరైన ఉపాధ్యాయులు. మెదడులో రక్తస్రావమై నాలుగు నెలలుగా కోమాలో ఉన్నారు. పింఛను ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఆయన ఒక్కరి పేరు మీదే ఉన్నాయి. నామినీని నేనే కదా, ఆసుపత్రి ఖర్చుకు డిపాజిట్ ఇవ్వండి అంటే బ్యాంకువారు కుదరదన్నారు. మా మరిది స్టాంపు కాగితాల మీద జీపీఏ, అంటే ఆయన తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం, రాయించి తెచ్చారు. వేలిముద్ర వేయిద్దామని ఇంకు ప్యాడ్ కూడా మంచం పక్కనే పెట్టారు.

న్యాయవాది: ముందు ఆ ప్యాడ్ తీయించేయండమ్మా. జీపీఏ అన్నది మనిషి తెలిసి ఇచ్చే అధికారం కాబట్టి, స్పృహలేని మనిషి వేలు పట్టి నొక్కిన ముద్రకు విలువ ఉండదు సరికదా, రేపు ఎవరైనా అడ్డం తిరిగితే మీ మీదే క్రిమినల్ కేసు పడవచ్చు. ఆయన ఆరోగ్యంగా ఉన్నప్పుడు రాసిచ్చినదైనా, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, ఇచ్చినవారికి మతి స్థిమితం లేకుండా పోతే మామూలుగా రద్దయిపోతుంది. సరిగ్గా అవసరపడే నాటికి చెల్లని ఆ కాగితాన్నే మన ఇళ్లలో అందరూ నమ్ముకుంటారు! నామినీ హక్కు ఖాతాదారు మరణించాకే వస్తుంది కాబట్టి, బ్యాంకువారు చెప్పింది సబబే.

శ్రోత: మరి నన్ను ఆయనకు గార్డియన్‌గా, అంటే సంరక్షకురాలిగా నియమించమని జిల్లా కోర్టులో పిటిషన్ వేయమన్నారండీ ఒకరు.

న్యాయవాది: 1890 నాటి గార్డియన్స్ చట్టం మైనర్లకు మాత్రమే. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి మేనేజరును నియమించే వీలుండేది కానీ, దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో అది లేదు. కోమా రోగులకంటూ ప్రత్యేక చట్టమే లేదు గనుక, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ (హైకోర్టు నుంచే నేరుగా ఆదేశం కోరే పిటిషన్) వేయాలి. 2019లో కేరళ హైకోర్టు ఇలాంటి కేసులోనే మార్గదర్శకాలు ఇచ్చింది: న్యూరాలజిస్టు ఉన్న వైద్య బోర్డు రోగిని పరీక్షించాలి, తహసీల్దారు స్థాయికి తగ్గని అధికారి ఇంటికి వచ్చి విచారించాలి, గార్డియన్‌గా నియమితులైనవారు ఆరు నెలలకోసారి లెక్క చూపించాలి. మన దగ్గరా వాటిని చూపి వాదించవచ్చు. రిట్‌లో ఇచ్చే ఆయన ఆస్తుల జాబితాలో చిన్న పొదుపు ఖాతాను కూడా వదలకండి. ఆర్డరులో పేరు లేని ఖాతాను బ్యాంకువారు ముట్టుకోనివ్వరు.

శ్రోత: మా పెద్దబ్బాయి అమెరికాలో ఉంటాడండీ.

న్యాయవాది: మీరు గార్డియన్‌గా ఉండటానికి తనకు అభ్యంతరం లేదని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన అఫిడవిట్ పంపమనండి. ఇక్కడున్న పిల్లలూ తలా ఒకటి ఇవ్వాలి. ఇల్లు అమ్మే ఆలోచన ఉంటే దానికి విడిగా అనుమతి అడగాలి.

శ్రోత: తీర్పు వచ్చేదాకా ఆసుపత్రి బిల్లులు ఎలా కట్టాలండీ?

న్యాయవాది: రిట్‌తో పాటే మధ్యంతర ఉత్తర్వు కోరండి. డిపాజిట్ సొమ్ము మీ చేతికి కాకుండా నేరుగా ఆసుపత్రి ఖాతాకు జమ చేయమని అడిగితే న్యాయమూర్తి ఒప్పుకోవడం తేలిక. చికిత్స చేస్తున్న డాక్టరు చేత ఆయన స్థితిని వివరిస్తూ సర్టిఫికెట్ ఈ వారమే రాయించుకుని, బిల్లులన్నిటితో కలిపి జతచేయండి.