‘బై ఫ్రైడే’ అంటే శుక్రవారం లోపా, శుక్రవారం దాకానా?

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు ఇంగ్లిష్‌లో ‘బై’ అనే చిన్న మాట గురించి మాట్లాడుకుందాం. మేడంగారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ ఖమ్మం నుంచి. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడం. నేను ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. మా మేనేజర్‌గారు రిపోర్ట్ అడిగితే ‘ఐ విల్ సెండ్ ఇట్ టిల్ ఫ్రైడే’ అని మెయిల్ పెట్టాను. ఆయన ‘టిల్’ తీసేసి ‘బై’ అని దిద్దారు. అప్పటి నుంచి మెయిల్ రాయాలంటేనే టెన్షన్‌గా ఉంది. రెండూ ఒకటి కాదా?

మేడం: కాదమ్మా. టెన్షన్ ఎందుకు, తెలుగులోనే ఒకసారి అనుకుని చూడండి. ‘శుక్రవారం లోపు పంపిస్తాను’ అంటారా, ‘శుక్రవారం దాకా పంపిస్తాను’ అంటారా?

శ్రోత: లోపు అనే అంటాను.

మేడం: అదే ‘బై’. ‘టిల్’ అంటే దాకా. ఒకసారి చేస్తే అయిపోయే పనికి ‘బై’, అప్పటిదాకా సాగుతూ ఉండే పనికి ‘టిల్’. ‘ఐ విల్ బి ఇన్ హైదరాబాద్ టిల్ ఫ్రైడే’ అంటే శుక్రవారం దాకా హైదరాబాద్‌లోనే ఉంటారు. అందులోనే ‘బై ఫ్రైడే’ అన్నారనుకోండి, ఇప్పుడు ఇంకో ఊళ్లో ఉండి శుక్రవారానికల్లా హైదరాబాద్ చేరతారు. మీ వాక్యమేమో ఆ రిపోర్టును శుక్రవారం దాకా పంపుతూనే ఉంటానన్నట్టు వినిపిస్తుంది.

శ్రోత: మరి లోపు అంటే శుక్రవారం కూడా కలుస్తుందా మేడం?

మేడం: చాలా మంచి ప్రశ్న. మామూలుగా కలుస్తుంది. అయితే ఆఫీసు మూసే వేళకా, అర్ధరాత్రికా అన్నది ఆ మాటలో లేదు. అందుకే ‘బై ఫైవ్ పీఎం ఆన్ ఫ్రైడే’ అని టైం కూడా రాయండి. క్లయింట్ వేరే దేశంలో ఉంటే ఐఎస్‌టీ అని చేర్చండి. ఫీజు నోటీసుల్లో ‘ఆన్ ఆర్ బిఫోర్’ అని రాస్తారు చూడండి, ఆ రోజు కూడా కలుస్తుందని పేచీ లేకుండా చెప్పడానికే. వట్టి ‘బిఫోర్ ఫ్రైడే’ అంటే మాత్రం గురువారంతోనే గడువు సరి.

వ్యాఖ్యాత: అనకాపల్లి నుంచి ఇంకో కాల్. చెప్పండి సార్.

శ్రోత: నమస్కారమండీ. మాది బెల్లం వ్యాపారం. ఇంగ్లిష్ పేపర్లో ధరల వార్త చదువుతుంటే ఒకచోట ‘ఇంక్రీజ్డ్ బై’, ఒకచోట ‘ఇంక్రీజ్డ్ టు’ అని రాస్తున్నారు.

మేడం: వ్యాపారస్తులు ఇది తప్పకుండా చూసుకోవాలండీ. క్వింటాల్ 3,800 ఉందనుకుందాం. అది 4,000 అయితే, 200 పెరిగింది అనడానికి ‘బై 200’, 4,000కు పెరిగింది అనడానికి ‘టు 4,000’. మన ‘కు’ చేసే పనే అక్కడ ‘టు’ చేస్తుంది. ‘బై’ పక్కన ఉన్నది తేడా, ‘టు’ పక్కన ఉన్నది కొత్త ధర.

వ్యాఖ్యాత: నిజామాబాద్ నుంచి డిగ్రీ విద్యార్థి లైన్లో ఉన్నారు.

శ్రోత: మేడం, బైపాస్ రోడ్డులో ఉన్నది కూడా ఈ ‘బై’నేనా?

మేడం: ఇదే బాబూ. ‘పక్కన, దగ్గర’ అన్నది ఈ మాటకు పాత అర్థం. ‘సిట్ బై మీ’ అంటే నా పక్కన కూర్చో. ఊళ్లోకి రాకుండా పక్కనుంచి పోతుంది కాబట్టి బైపాస్. గుండె ఆపరేషన్‌లోనూ అంతే, మూసుకుపోయిన రక్తనాళం జోలికి పోకుండా రక్తానికి పక్కదారి వేస్తారు. వెళ్లేటప్పుడు చెప్పే ‘బై’ మాత్రం వేరు. అది ‘గాడ్ బి విత్ యు’ అన్న దీవెన అరిగి మిగిలిన ముక్క, స్పెల్లింగ్‌లో చివర ‘ఈ’ కూడా ఉంటుంది.

శ్రోత: ఇంకొక్కటి మేడం. ‘ఐ కేమ్ బై మై బైక్’ అని రాస్తే మా లెక్చరర్ కొట్టేశారు.

మేడం: సరిగ్గానే కొట్టేశారు. ‘బై బస్’, ‘బై బైక్’ అన్నప్పుడు మధ్యలో ‘మై’ గానీ ‘ద’ గానీ పెట్టకూడదు. ‘మై’ కావాలంటే మనం తెలుగులో అన్నట్టే అనండి: కారులో కాబట్టి ‘ఇన్ మై కార్’, బైక్ మీద కాబట్టి ‘ఆన్ మై బైక్’. నడిచి వస్తే ‘ఆన్ ఫుట్’.