మధ్య నట్టు జోలికి పోకు: గరాజ్‌లో స్ట్రట్లు మార్చిన కథ

హోస్ట్: నమస్కారం. ఈసారి మనతో మాట్లాడేది మా మావయ్య. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లకు పైగా సస్పెన్షన్ పనే చేస్తున్నారు. నేనుండేది డాలస్‌లో. పోయిన శనివారం మా ఇంటి గరాజ్‌లో 2014 టొయోటా కరోలాకి ముందు చక్రం స్ట్రట్, అంటే కుదుపుల్ని మింగే స్తంభం, మారుద్దామని కూర్చున్నా. పని బాగానే సాగుతోందన్న ఊపులో మావయ్యకి ఒక ఫొటో పంపా. నాకు మధ్యాహ్నం రెండు, అక్కడ రాత్రి పన్నెండున్నర. నిమిషంలో ఫోన్ వచ్చింది. మావయ్యా, ఏమన్నారో గుర్తుందా?

మావయ్య: చెయ్యి తియ్యరా అన్నా.

హోస్ట్: హలో కూడా లేదు!

మావయ్య: నీ పానా ఎక్కడుందో చూశాక హలో ఎవడంటాడు? బానెట్ ఎత్తితే స్ట్రట్ నెత్తి కనబడుతుంది కదా. చుట్టూ మూడు నట్లు, మధ్యలో పెద్దది ఒకటి. చుట్టూ ఉన్న మూడూ స్ట్రట్‌ని బాడీకి పట్టి ఉంచుతాయి. మధ్యది లోపలున్న స్ప్రింగ్‌ని అణిచి ఉంచుతుంది. నువ్వు పట్టుకున్నది దాన్నే.

హోస్ట్: పెద్దది కదా, మొదట విప్పాల్సింది అదే అనుకున్నా.

మావయ్య: అందరూ అలాగే అనుకుంటారు. నీ కారు రమారమి 1300 కిలోలు. ఇంజను ముందుంటుంది కాబట్టి సగానికి పైగా బరువు ముందు చక్రాల మీదే. అంటే ముందున్న ఒక్కో స్ప్రింగు రోజూ మోసేది మూడు వందల కిలోలకు పైమాటే. అంత బలమున్న స్ప్రింగ్‌ని విప్పి ఒళ్లో పెట్టుకుంటానంటే ఎలా? మా షెడ్డు రేకుకి ఇప్పటికీ ఒక సొట్ట ఉంది. నా దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఒక కుర్రాడు స్ప్రింగ్ నొక్కకుండానే మధ్య నట్టు విప్పాడు. పక్కకి వంగి ఉన్నాడు కాబట్టి మొహం దక్కింది.

హోస్ట్: ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదే!

మావయ్య: నువ్వు కంప్యూటర్లు కదా చేసేది, నీకెందుకనుకున్నా. అప్పట్లో మాకూ ఇది కొత్తే. అంబాసిడర్‌కి ముందు చక్రాల దగ్గర టార్షన్ బార్, అంటే మెలితిరిగి స్ప్రింగ్ పని చేసే కడ్డీ ఉండేది, చుట్ట స్ప్రింగే లేదు. 1983 చివర్లో మారుతి 800 వచ్చాకే స్ట్రట్ పని మా చేతికి బాగా అలవాటైంది.

హోస్ట్: దీన్నే మెక్‌ఫెర్సన్ స్ట్రట్ అంటారు. ఎర్ల్ మెక్‌ఫెర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు పేరు. 1950లో ఇంగ్లండ్‌లో ఫోర్డ్ కాన్సల్‌కి వచ్చింది. షాక్ అబ్జార్బరూ, స్ప్రింగూ ఒకే స్తంభంలో ఇమిడిపోతాయి, చక్రాన్ని పైనుంచి పట్టుకునే ఇంకో కడ్డీ అక్కర్లేదు. సరే, మొదటి నుంచి వద్దాం. జాకీ సంగతి?

మావయ్య: అందరికీ తెలిసిందే, ఎవరూ చేయనిదీ అదే. జాకీ ఎత్తడానికి మాత్రమే, మోయడానికి కాదు. కిందకి స్టాండ్లు పెట్టాలి. ఇటుకలు పెట్టే వాళ్లున్నారు, ఇటుక చెప్పకుండా పగులుతుంది. వెనక చక్రాలకి అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వెయ్యి. వీల్ నట్లు చక్రం నేల మీదుండగానే కాస్త వదులు చెయ్యి. ఎండలో తారు మీద స్టాండ్ పెడితే దిగబడుతుంది, మీ టెక్సస్‌లో మరీను.

హోస్ట్: నాది కాంక్రీటు నేలే. చక్రం తీశాక బ్రేక్ గొట్టం క్లిప్పు, ఏబీఎస్ వైరు, లింక్ రాడ్డు విప్పా. కింద నకిల్, అంటే చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప దిమ్మ, దాని దగ్గర రెండు పెద్ద బోల్టులు. తుప్పు పట్టి కదల్లేదు. తుప్పు వదిలే నూనె కొట్టి, టీ తాగొచ్చాక కదిలాయి.

మావయ్య: విప్పేముందు గుర్తు పెట్టావా?

హోస్ట్: పెట్టా. సుద్దతో.

మావయ్య: సుద్ద చెరిగిపోతుంది, పెయింటు పెన్నుతో గీత గియ్యి. ఆ బోల్టు రంధ్రంలో కొంచెం ఆట ఉంటుంది, చక్రం నిలువు వంపు అక్కడే మారుతుంది. గీతకి గీత కలిపి బిగించినా, తర్వాత చక్రాలు సరైన కోణంలో ఉండేలా ఎలైన్‌మెంట్ చేయించాల్సిందే. లేకపోతే టైరు ఒక పక్కే అరుగుతుంది. ఇంకో మాట. ఆ బోల్టులు ఊడగానే నకిల్ బయటికి ఒరుగుతుంది. నీదేమైంది?

హోస్ట్: ఒరిగింది. మొత్తం బరువు బ్రేక్ గొట్టం మీద పడబోతుంటే చేత్తో పట్టుకున్నా. ఇంకో చేయి ఖాళీ లేదు, మా ఆవిణ్ణి కేకేశా.

మావయ్య: ముందే తీగతో కట్టేయాలిరా. గొట్టం సాగితే బ్రేకుకే మోసం. చక్రాన్ని తిప్పే యాక్సిల్ కూడా జాయింట్‌లోంచి లాక్కుపోయే ప్రమాదం ఉంది. పై మూడు నట్లు ఆఖర్న విప్పాలి. చివరి నట్టు విప్పేటప్పుడు కింద ఒక చేయి పెట్టాలి, లేకపోతే స్ట్రట్ కాలి మీదే.

హోస్ట్: అదీ చేశా. ఇంతకీ స్ట్రట్ బయటికొచ్చింది. ఇక్కడ విడిభాగాల దుకాణాల్లో స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు, స్ప్రింగ్ కంప్రెసర్, డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చు. నేనూ తెచ్చా. రెండు పొడవాటి మరలు, రెండేసి కొక్కేలు.

మావయ్య: అవి చూస్తేనే నాకు భయం. రెండింటినీ స్ప్రింగ్‌కి సరిగ్గా ఎదురెదురుగా తగిలించాలి. ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పుతూ పోవాలి. ఒక వైపే బిగిస్తే స్ప్రింగ్ అరటికాయలా వంగి, కొక్కెం జారుతుంది. ఎయిర్ గన్ పెట్టి తిప్పొద్దు, మర వేడెక్కి అరుగుతుంది. స్ట్రట్ నెత్తి నీ వైపుగానీ, పక్కనున్న వాళ్ల వైపుగానీ చూడకూడదు. స్ప్రింగ్ మీదున్న పైపళ్లెం చేత్తో కదిలేంత వదులైందంటే స్ప్రింగ్ భారం కొక్కేల మీదికొచ్చినట్టు. అప్పుడే మధ్య నట్టు ముట్టుకోవాలి. కొత్తది బిగించేటప్పుడు స్ప్రింగ్ కొస కింద పళ్లెంలోని మెట్టుకి ఆనిందో లేదో వేలు పెట్టి కాదు, కళ్లతో చూడు.

హోస్ట్: ఇదంతా విన్నాక నా చేతులు వణికాయి.

మావయ్య: వణకనీ, మంచిదే. నన్నడిగితే ఇంట్లో చేసేవాడికి కంప్రెసర్ వద్దు. స్ప్రింగూ, మౌంటూ, బేరింగూ అన్నీ బిగించి ఉన్న స్ట్రట్ కొనుక్కో. డబ్బు ఎక్కువవుతుంది, అవనీ. పైన మూడు, కింద రెండు, అయిపోయింది. పాత స్ప్రింగే ఉంచాలనుకుంటే, ఊడదీసిన స్ట్రట్‌ని షెడ్డుకి పట్టుకెళ్లు. గోడకి బిగించిన పెద్ద కంప్రెసర్ ఉంటుంది, అరగంట పని. మా దగ్గరికీ స్కూటర్ మీద పెట్టుకుని తెచ్చేవాళ్లున్నారు.

హోస్ట్: నేను కంప్రెసర్ వాపస్ ఇచ్చేసి, బిగించి ఉన్నదే తెచ్చా. ఆదివారం ఎక్కించా. వీల్ నట్లు 103 న్యూటన్ మీటర్లకి, ఎంత బిగువో కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించా.

మావయ్య: నకిల్ బోల్టులకి ఇంకా చాలా ఎక్కువ ఉంటుంది, మాన్యువల్‌లో చూసే బిగించావా?

హోస్ట్: చూశా. రెంచ్ మీద మొత్తం బరువేసి వేలాడా.

మావయ్య: వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టి చూడు. ఇంతకీ ఎన్ని మార్చావు?

హోస్ట్: ఒకటే. ఆయిల్ కారింది ఎడమదే కదా.

మావయ్య: కుడిది?

హోస్ట్: అది పొడిగానే ఉంది మావయ్యా.

మావయ్య: పదేళ్లు దాటిన కారులో ఒక కాలు కొత్తది, ఒక కాలు ముసలిది. బ్రేక్ కొడితే బండి ఎటు లాగుతుందో చూశావా?

హోస్ట్: ... కొంచెం లాగుతున్నట్టే ఉంది.

మావయ్య: ఎలైన్‌మెంట్‌కి డబ్బులిచ్చావా అప్పుడే?

హోస్ట్: లేదు, శుక్రవారం అపాయింట్‌మెంట్.

మావయ్య: వాయిదా వెయ్యి. రెండోది ఆర్డర్ పెట్టు. ఈసారి ఫొటో పగలు పంపు, మాకు పగలు.