ఆ రీడింగ్‌ని కొట్టేయకండి
(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

మన ల్యాబుల్లో ఒక అలవాటుంది. గ్రాఫులో రెండు చుక్కలు గీతకి దూరంగా పడితే రబ్బరు తీస్తాం. సీఆర్‌ఓ (వోల్టేజీ మార్పుల్ని తెర మీద గీసి చూపే పరికరం) మీద అల నిలవకపోతే ‘లూజ్ కనెక్షన్ సార్’ అంటాం. చాలాసార్లు అది నిజమే. కానీ కనెక్షన్లన్నీ గట్టిగా ఉన్నా అల నిలవని సర్క్యూట్లున్నాయి.

1927లో వాన్ డెర్ పోల్, వాన్ డెర్ మార్క్ అనే ఇద్దరు డచ్ పరిశోధకులు నియాన్ బల్బుతో ఒక సర్క్యూట్ కట్టి, టెలిఫోన్ రిసీవర్‌లో విన్నారు. కెపాసిటర్ విలువ పెంచుతుంటే స్వరం మెట్లు మెట్లుగా దిగింది. కొన్నిచోట్ల మెట్టు మారే ముందు ఒక గరగర వినిపించింది. ఆ సంగతి రాశారు, అంతగా పట్టించుకోలేదు. కయోస్, అంటే నియమాల ప్రకారమే నడుస్తూ కూడా ముందుగా ఊహించలేని తీరు, వాళ్ల చెవిదాకా వచ్చి వెళ్లిపోయిందన్నమాట!

1963లో వాతావరణ శాస్త్రవేత్త లోరెంజ్ వాతావరణం మీద రాసిన పేపర్‌తో దాని లెక్క తేలింది. మొదట్లో పిసరంత తేడా ఉన్నా పోనుపోను ఫలితాలకు పొంతన ఉండదు. తిత్లీ లాంటి తుఫాను ఎటు వస్తుందో రెండు మూడు రోజుల ముందు చెప్పగలుగుతున్నాం, నెల ముందు చెప్పలేం. మన ఉద్దానం వాళ్లకి ఆ రెండు రోజుల విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఈ బల్ల మీదున్నది చువా సర్క్యూట్, ఆ కయోస్‌ని కళ్లకు చూపించేది. 1983లో జపాన్‌లో ఉన్నప్పుడు లియోన్ చువా ఆలోచించింది. 18 మిల్లీహెన్రీల కాయిల్, 10, 100 నానోఫారడ్ల కెపాసిటర్లు, 2 కిలోఓమ్‌ల పాట్ (తిప్పి నిరోధం మార్చుకునే రెసిస్టర్), ఒక నాన్‌లీనియర్ రెసిస్టర్ (వోల్టేజీకి తగ్గ నిష్పత్తిలో కరెంట్ మారనిది). ఆ చివరిది దుకాణంలో దొరకదు. రెండు ఆప్-ఆంప్‌లు (సిగ్నల్‌ని పెంచే చిప్‌లు), ఆరు రెసిస్టర్లతో మనమే కట్టుకోవాలి. పవర్‌కి రెండు 9 వోల్టుల బ్యాటరీలు చాలు.

రెండు కెపాసిటర్ల వోల్టేజీల్నీ సీఆర్‌ఓకిచ్చి ఎక్స్-వై మోడ్‌లో పెట్టండి, ఒక వోల్టేజీ చుక్కని అడ్డంగా, రెండోది నిలువుగా కదుపుతుంది. పాట్ తిప్పి నిరోధం మెల్లగా తగ్గించండి. ముందు చుక్క గానుగెద్దులా ఒకే దారిలో తిరుగుతుంది. ఇంకాస్త తగ్గిస్తే రెండు చుట్లు తిరిగాక గానీ మొదటి చోటికి రాదు. తర్వాత నాలుగు, ఎనిమిది. ఎనిమిదిని పట్టుకోవడం కష్టం, చెయ్యి కదిలితే దాటిపోతుంది. ఆ తర్వాత రెండు సుడులు పక్కపక్కనే కనిపిస్తాయి. చుక్క ఒక సుడిలో కొన్నిసార్లు తిరిగి రెండోదాంట్లోకి దూకుతుంది. ఎప్పుడు దూకుతుందో పట్టిక వేయలేం. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే దూకే వరస మారిపోతుంది, సుడుల ఆకారం మాత్రం అదే. ఇందులో పాచికలు వేసే భాగమేదీ లేదు. ప్రతి ముక్కకీ సమీకరణం ఉంది.

ఇంత సరంజామా లేదంటారా? ఒక రెసిస్టర్, ఒక కాయిల్, ఒక 1ఎన్4007 డయోడ్ వరసగా కలిపి ఫంక్షన్ జనరేటర్‌తో (కావలసిన ఫ్రీక్వెన్సీలో అలలిచ్చే పరికరం) నడపండి. కాయిల్‌కి తగ్గ ఫ్రీక్వెన్సీ దొరికాక వోల్టేజీ పెంచుతూ పోతే ఆ రెట్టింపులు ఇందులోనూ కనిపిస్తాయి. డయోడ్ ఆఫ్ అవడానికి కాస్త టైమ్ తీసుకుంటుంది, దాని కెపాసిటెన్స్ కూడా వోల్టేజీతో మారుతుంది. ఆ ‘లోపాల’ వల్లే ఇదంతా. మన పాఠ్యపుస్తకపు ఐడియల్ డయోడ్ అయితే ఏమీ చూపించదు.

ముందు బెంచీ వాళ్లు రండి. పాట్ మెల్లగా తిప్పాలి, తొందరపడితే నాలుగు చుట్లు మిస్సవుతారు.